బొట్టు క్యాన్లు

"ఇవి మీ క్యాన్లో నీళ్లే, త్రిమూర్తులుగారూ," అంటూ తనిఖీకి వచ్చిన చంద్రిక గాజు సీసాను కిటికీలోంచి పడుతున్న ఎండకు ఎత్తి పట్టుకుంది.

నీళ్లలో సన్నటి పొట్టు తళుక్కుమంది. త్రిమూర్తులు నాచారంలో వాటర్ ప్లాంటు పెట్టి ఎనిమిదేళ్లయింది. తనిఖీకి వచ్చినవాళ్లు కాగితాలు చూసి వెళ్లారే గాని, నీళ్లను ఎండకు పట్టి చూసినవాళ్లు లేరు.

"ఏదో దుమ్ము పడుంటుంది మేడమ్."

"దుమ్ము కాదు, ప్లాస్టిక్. మీరు నీళ్లు వేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర నేనే పట్టి, హబ్సిగూడలో మా ల్యాబుకు తీసుకెళ్లి చూశాను. క్యాన్లు ఎలా కడుగుతారు మీరు?"

చెప్పనక్కర్లేకపోయింది. వాకిట్లో పనివాడు కొమురెల్లి ఓ పాత క్యాన్లో గుప్పెడు కంకర, చెంబెడు నీళ్లు పోసి గలగలా ఆడిస్తున్నాడు. పాకుడు వదలాలంటే అంతకన్నా చవకైన దారి లేదు.

"అదిగో! ఎండకు పెళుసైన క్యాను. కంకర గీరినకొద్దీ లోపల పొడి రాలుతుంది. కొంత తాగేవాళ్ల కడుపులోకి, కొంత ఆ మోరీలోంచి చెరువులోకి."

"తాగితే ఏమవుతుందండీ?"

"పూర్తిగా ఎవరికీ తెలీదు. నా భయం అదే. క్యాన్ల తయారీలో వాడే కొన్ని రసాయనాలు నీళ్లలోకి దిగితే, కడుపులో బిడ్డకు మంచిది కాదంటున్నారు. సోమవారం రిపోర్టు ఇస్తాను."

ఆమె వెళ్లిపోయింది. సీసా బల్లమీదే ఉంది. దాన్ని చూడకుండా ఉండలేకపోయాడు. రెండుసార్లు నిలవని కడుపు కోడలు గీతికకు ఈసారే నిలిచింది. ఏడో నెల.

కానీ ఇంటికి వెళ్లేవి కొత్త క్యాన్లే. ఆ లెక్క అతనెప్పుడూ తప్పలేదు. దసరాకు మిషన్లకు బొట్లు పెట్టినప్పుడే ఎనభై పాత క్యాన్లను వేరు చేసి, కడిగినా పోకుండా వాటి మెడమీద ఎర్రరంగుతో బొట్లు దిద్దాడు. గీత గీస్తే కొనేవాడికి అనుమానం వస్తుంది, బొట్టయితే ఎవరూ అడగరు. "బొట్టున్నవి ఫ్యాక్టరీ గేట్లకు, లేనివి ఇళ్లకు," అని కొమురెల్లికి చెప్పాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఇక వాటిని ఉంచకూడదు.

"కొమురెల్లీ! ఆటో తీయి. బొట్టు క్యాన్లన్నీ ఎక్కడున్నా ఇప్పుడే పట్టుకురా. పగలగొట్టేద్దాం."

"అయ్యో, గవి పలగ్గొడ్తరా సేటూ?"

"చెప్పింది చెయ్యి!"

పొద్దు వాలేలోగా క్యాన్లు వాకిట్లో బారులు తీరాయి. త్రిమూర్తులు ఒక్కొక్క బొట్టును వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. డెబ్బై ఎనిమిది. మళ్లీ పెట్టాడు. డెబ్బై ఎనిమిదే.

"రెండు తక్కువొచ్చాయేంట్రా?"

కొమురెల్లి తల గోక్కున్నాడు.

"ఎవడికైనా అమ్ముకున్నావా? ఆ తనిఖీ మేడమ్ చేతిలో ఒక్కటి పడినా ప్లాంటుకు తాళమే, తెలుసా!"

"నేనెందుకు అమ్ముకుంట సేటూ? గంత మాటనకుండ్రి."

"మరి ఏవిరా అవి?"

కొమురెల్లి సిగ్గుపడుతూ నవ్వాడు.

"గవి మీ ఇంట్ల, గీతికమ్మ గదిలనే ఉన్నయ్ సేటూ. ఆమె నెల తప్పిందని ఎరుకైన కాడికెల్లి దినాం నింపి ఏస్తున్న. దసరా నాడు పూజల మీరే బొట్టు పెట్టిన మంచి క్యాన్లాయె... బొట్టున్నయి కంపెనీలోళ్లకేసి, మనింటి బిడ్డకు ఉత్తయి ఎట్లేస్త?"