నడిమి స్వరం

ఉత్తర నార్వేలో అది నవంబరు. మధ్యాహ్నం మూడింటికే దీవంతా చీకటి. ప్రార్థనాశాలలో గుడ్రున్ ఒక్కతే ఉంది. అందరిలాగే బూట్లు గుమ్మం దగ్గర విడిచి, ఉన్ని మేజోళ్ల కాళ్లతో పాత హార్మోనియం గాలితిత్తి పెడళ్లు తొక్కుతోంది. ఫోన్‌లో ఆడపడుచు మారిట్ ఆరోసారి అదే పాఠం చెబుతోంది.

"మూడు మెట్లూ ఒకేసారి నొక్కితేనే స్వరాలు కలిసి కార్డ్ అవుతుంది వదినా. నీది మళ్లీ బోలుగా పలికింది."

"ఏం చెయ్యమంటావే? చేపల కత్తికి తెగినప్పటినుంచీ నడిమివేలు వంగితే ఒట్టు!"

"సంతోషమో దుఃఖమో చెప్పేది ఆ నడిమి స్వరమే. అది లేకపోతే మనిషి లేని ఇల్లే. ఏదీ, ఇంకోసారి."

గుడ్రున్ పళ్లు కొరుక్కుంటూ బొటనవేలూ చిటికెనవేలూ మెట్ల మీద కసిగా దింపింది. నడిమివేలు ఎప్పటిలాగే కర్రలా గాల్లో నిలిచిపోయింది.

"హమ్మయ్య, మూడూ పలికాయి!" అని అరిచింది మారిట్. "అయినా సంతోషానిది నొక్కమంటే దుఃఖానిది నొక్కావేం?"

గుడ్రున్‌కు విసుగంతా ఎగిరిపోయింది. చేతులు రెండూ ఒళ్లోకి లాక్కుంది. కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుంది. రెండు స్వరాలు ఆగిపోయాయి. నడిమిది మాత్రం సన్నగా పలుకుతూనే ఉంది.

"బాగా తొక్కుతున్నావు, ఆపకు" అంది మారిట్. "కానీ ఆ బూట్లు విప్పెయ్యవే తల్లీ, టకటకమని ఒకటే చప్పుడు."

గుడ్రున్ గుమ్మం వైపు చూసింది.

బూట్లు అక్కడ లేవు.