కొలను నింపిందెవరు?

తెల్లారేసరికి కొత్త ఈత కొలను అంచుల దాకా నీళ్లతో నిండిపోయి ఉంది. చుక్క నీరు ఉండకూడని రోజది. టైల్స్ వేసేవాళ్లు ఇంకో గంటలో దిగుతారు.

"నీ కాంక్రీటుకి చిల్లి పడింది మేస్త్రీ!" ఇంజనీరు గొంతు చించుకున్నాడు. "ఎగువన వానలు పడి పక్కనున్న ఏరు పొంగింది. అడుగు నుంచి నీళ్లు లోపలికి తన్నుకొచ్చాయి. తోడించి, అడుగంతా పగలగొట్టించు. ఆ తర్వాత నీ సామాను సర్దుకో!"

ముప్పై ఏళ్లలో మేస్త్రి కట్టిన దేనికీ చెమ్మ మచ్చ కూడా రాలేదు.

"పక్కింటి కొలను చూడు," ఇంటాయన నిట్టూర్చాడు. "అదీ ఈ ఇంజనీరుగారు కట్టించిందే. ఎంత పొడిగా ఉందో, లోపల దుప్పటి పరుచుకుని పడుకోవచ్చు!"

"పగలగొట్టే ముందు మేస్త్రి మాట కూడా వినరాదూ అల్లుడూ?" వరండాలోంచి ఇంటాయన అత్తగారు అంది.

"మీకెందుకు అత్తయ్యా ఈ గొడవ? టీ తాగండి."

మేస్త్రి మట్టాలు సరిచూసే, నీళ్లు నింపిన లెవెల్ ట్యూబు తీశాడు. ఒక కొస కొలను అంచున కట్టి, రెండో కొస పట్టుకుని ఏటి గట్టు దాకా నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు అతని నడకే మారిపోయింది.

"అయ్యా, కొలనులో నీళ్లు ఏటికన్నా మూరెడు ఎత్తున ఉన్నాయి. చిల్లిలోంచి వచ్చినవైతే ఏటి మట్టం దగ్గరే ఆగాలి. పైకెక్కడానికి వాటికి నిచ్చెనేమైనా వేశామా? ఇవి ఎవరో కావాలని నింపిన నీళ్లు!"

ఇంజనీరు ముఖం మాడిపోయింది. "ఎవరు నింపితే ఏం? ముందు తోడించు. మోటారు వెయ్యి!"

మేస్త్రి స్విచ్చు నొక్కాడు. మోటారు ఉలకలేదు, పలకలేదు. పెట్టె తెరిచి చూస్తే ఫ్యూజు లేదు.

అంతలో పక్కింట్లో పిడుగు పడ్డట్టు ఫెళ్లుమంది. అందరూ ప్రహరీ దగ్గరికి పరిగెత్తారు. పక్కింటి ఖాళీ కొలను నీలం టైల్స్‌తో సహా నేలను చీల్చుకుని, నిలువెత్తు పైకి లేచి, పక్కకి ఒరిగి ఉంది. కింద నుంచి ఏటి నీరు బుసకొడుతోంది.

ఇంటాయన వెనక్కి తిరిగి తన కొలను చూసుకున్నాడు. అంగుళం కూడా కదల్లేదు. ఆయన వచ్చి మేస్త్రి రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"కాపాడావయ్యా! నువ్వే కదూ నింపింది?"

"నేను కాదయ్యా. కట్టడం వరకే నాది."

"మరెవరు?"

అత్తగారు మెట్లు దిగి వచ్చి గుప్పిట తెరిచింది. అరచేతిలో ఫ్యూజు.

"సామాను ఎవరు సర్దుకోవాలో ముందు అది తేల్చు అల్లుడూ," అంది ఇంజనీరు వంక చూస్తూ. "ముప్పై ఏళ్లు ఈ ఏట్లో పడవ నడిపినదాన్ని. ఏరు పొంగి నేల కింద నీళ్లు చేరితే ఖాళీ కొలనైనా పడవలా పైకి తేలుతుందని నిన్న చెబితే నువ్వూ ఈ ఇంజనీరూ పగలబడి నవ్వారు. అందుకే నువ్వు గురకపెడుతుంటే ఏటి నీళ్లకి మోటారేసి, నీ పడవని నేనే ముంచేశాను!"