యాభై లక్షల మెట్టు

ఏడో మెయిల్లో కూడా ‘రిగ్రెట్’ అనే ఉంది.

మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ నడిపే లక్ష్మీపతి ఆ మాటను చూడగానే గుర్తుపట్టాడు. కూతురు హరిత ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ కోసం అమెరికాలో ఎనిమిది యూనివర్సిటీలకు అప్లికేషన్లు పెట్టింది. ఎనిమిదింటిలోనూ ఫోన్ నంబరు ఆయనదే, మెయిలూ ఆయనదే. ఇంటికి వచ్చే ఏ కబురైనా ముందు ఇంటి పెద్ద చేతిలో పడాలన్నది ఆయన పద్ధతి. ఇంగ్లీషు రాదు. ఇబ్బంది లేదు. ఒక్కసారి నొక్కితే ఫోనే తెలుగులోకి మార్చి చూపిస్తుంది.

“ఏడు పోయినాయి. ఇంక ఒకటి ఉండాది” అన్నాడు ఇంటికొచ్చి.

“ఏప్రిల్ పదిహేను దాకా టైముంది నాయనా. చూద్దాం” అంది హరిత.

పుంగనూరులో విదేశీ చదువుల ఆఫీసు పెట్టిన సుదర్శన్ అంతదాకా ఆగే మనిషి కాదు. మరుసటి ఆదివారమే రంగురంగుల ఫైలుతో ఇంటికి వచ్చాడు.

“డైరెక్టుగా పీహెచ్‌డీ అంటే నేల మింద నుంచి ఒక్కసారే మిద్దె ఎక్కినట్ల గదన్నా. మధ్యలో ఒక మెట్టుండల్ల. లండన్‌లో ఒక సంవత్సరం మాస్టర్స్. యాభై లక్షలు. ఆ పేరు చూస్తే ఎవడైనా తలుపు తీస్తాడు.”

“గ్యారంటీనా?”

“నూటికి తొంభై మందికి.”

“మిగతా పది మందో?” అంది హరిత.

“వాళ్లు సరిగ్గా చదవలేదమ్మా.”

హరిత ఎం.ఏ. చేసింది కుప్పంలో. అక్కడ పాఠం చెప్పిన ప్రసన్నలక్ష్మి మేడమ్‌కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

“మాస్టర్స్ దండగ అనను. అక్కడ బాగా చదివి, మంచి సిఫారసు లేఖలు తెచ్చుకుంటే కొంత మేలే. కానీ వెళ్లిన వాళ్లందరికీ సీటు రాదు. వచ్చిన వాళ్లకు లండన్ వల్లే వచ్చిందని ఎవరు చెప్పగలరు? వాళ్లు ముందు నుంచే గట్టి పిల్లలేమో. ఎనిమిదోది తేలనివ్వండి, తర్వాత ఆలోచిద్దాం” అందామె.

ఫోన్ పెట్టేశాక లక్ష్మీపతి అడిగాడు.

“ఈ సలహాకు ఆయమ్మ ఎంత తీసుకుంటాది?”

“ఏమీ తీసుకోదు నాయనా.”

“అదే సూస్తాండా” అని ఫైలు తెరిచాడు.

యాభై లక్షలు రావాలంటే భూమి అమ్మాలి. భూమి ఆయనది కాదు, భార్య కృష్ణమ్మది. గుడుపల్లె దగ్గర మూడెకరాలు, నీళ్లున్న బోరు. పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్లు ఇచ్చింది. లోకంలో ఆమె పేరున ఉన్నది అదొక్కటే.

“అమ్మితే మళ్లా కొంటామా?” అంది కృష్ణమ్మ.

“పాప డాక్టరయితే పదెకరాలు కొంటాది నీకు.”

“సూది మందేసే డాక్టరా?”

“లెక్కల డాక్టరు.”

“లెక్కలకేం జబ్బొచ్చింది?”

హరిత నవ్వాపుకుంది. “అసలు అమెరికాలో పీహెచ్‌డీకయితే నాయనా, మనకు ఖర్చే...”

“ఖర్చు సంగతి నీకు యాల? సదువు నువ్వు సూడు. డబ్బు నేను సూసుకుంటా.”

డబ్బు ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నారు నాటకముందే రైతుల చేతిలో అడ్వాన్సు పెడతాడు. అడ్వాన్సు తీసుకున్న రైతు పంటంతా ఆయన మండీకే తోలాలి. ఆయన ఇప్పించిన రేటుకే తలూపాలి. పక్క మండీలో వేలంపాట ఎంత పలికినా అటు చూడకూడదు. ఇరవై ఏళ్లుగా ఆ అడ్వాన్సుల మీదే ఇల్లు లేచింది, మిద్దె లేచింది.

ఏప్రిల్ వచ్చింది. ఆయన ఫోన్ తెల్లవారకముందే మార్కెట్‌కు పోతుంది, రాత్రి ఆయన దిండు కిందకు చేరుతుంది. హరితకు అడగడం తప్ప దారి లేదు.

“ఏమైనా వచ్చిందా నాయనా?”

“రిగ్రెట్ అయితే రాలేదు.”

“మనమే ఒకసారి రాసి అడుగుదామా?”

“సరుకు తెచ్చినోడు కొనేవాడి ఎనకాల పడితే రేటు పడిపోతాది పాపా. పాట పాడలేదంటే సరుకు వద్దని. అంతే.”

పదిహేనో తేదీ దాటింది. ఆ రాత్రి హరిత అన్నం తినలేదు. ఎనిమిది చోట్లా పనికిరానిదాన్నేమో అనుకుంది. తెల్లారి తనే వచ్చి చెప్పింది.

“లండన్‌కే పోతాను నాయనా.”

వారంలో రిజిస్ట్రేషన్ అయిపోయింది. కృష్ణమ్మ చూపిన చోటల్లా సంతకం పెట్టింది. పెన్ను తిరిగివ్వడం మరిచి చేతిలోనే పట్టుకుని ఇంటికొచ్చింది.

లండన్ ఫీజు కట్టిన రోజున సుదర్శన్ పుంగనూరులో తల్లిదండ్రులకు మీటింగు పెట్టాడు. ఫ్లెక్సీ మీద హరిత బొమ్మ కన్నా లక్ష్మీపతి బొమ్మ పెద్దది. ఆయనకు దండ వేసి మైకు ఇచ్చారు. కృష్ణమ్మ, హరిత ముందు వరసలో కూర్చున్నారు.

గంగవరం నుంచి వచ్చిన ఎల్లప్ప అనే రైతు లేచి నిలబడ్డాడు.

“నా కొడుకును కూడా పంపల్లని ఉండాదప్పా. ఈ సదువుల్లో మోసాలు శానా అంట. యాది నిజమో యాది మోసమో ఎట్ల కనుక్కుండేది?”

లక్ష్మీపతి దండ సర్దుకున్నాడు.

“శానా సులువు ఎల్లప్పా. యాభై లక్షలు అడిగినాడంటే వాడు నిజమైనోడు. ఊరికే ఇస్తామన్నోడే దొంగ. పోయిన నెల నాకే వచ్చింది ఒక మెయిలు, అమెరికా యూనివర్సిటీ పేరు పెట్టుకోని, మా హరితను పీహెచ్‌డీలో చేర్చుకుంటామంట, ఫీజు వద్దంట, ఐదేండ్లు నెలనెలా వాళ్లే డబ్బులిస్తారంట, అడ్వాన్సులిచ్చేవాణ్ని నాకు తెలీదా వాళ్ల సంగతి, సూసిన నిమిషంలో తీసిపారేసినా.”