జోగమ్మ ఒప్పుకోని వాక్యం

“సూరిబాబుకి పెళ్ళి కాలేదు. సూరిబాబు భార్య వంట బాగా చేస్తుంది.” కాగితం చూసి చదివి ఇంద్రజ తలెత్తింది. “ఈ రెండూ కలిపి చెబితే కుదురుతుందా మామ్మా?”

జోగమ్మ పెనం మీద చీలా అట్టు తిరగేస్తూ ఆలోచించింది.

“ఎందుకు కుదరదే గుంటా? జాముల్ ఊళ్ళో ఒకడు ఉండీవోడు. పెళ్ళికానోళ్ళకే రూము ఇస్తానని కాంట్రాక్టరు అన్నాడని, పెళ్ళవలేదని చెప్పీసాడు. పెళ్ళాం బొబ్బిల్లో ఉండీది. దాని చేతి పులుసు నేను తిన్నాను కూడాను.”

“అది అబద్ధం చెప్పడం కదా మామ్మా.”

“అబద్ధమైతే అర్థం అవలేదేటి నీకు?”

అర్థమైంది. అదే ఇంద్రజ ఏడుపు. ఆ వాక్యాన్ని కొట్టేసింది.

రాయ్‌పూర్‌లో భాషాశాస్త్రం ఎం.ఏ.లో చేరేటప్పుడు, అక్కడ బోలెడన్ని భాషలు నేర్పుతారని ఇంద్రజ అనుకుంది. ఒక్కటీ నేర్పలేదు. ఉన్న తెలుగులోనే మాటలకు అర్థం ఎక్కణ్ణుంచి వస్తుందో వెతకమన్నారు. ఆ పేపరు పేరు అర్థవిజ్ఞానం. మొదటి పని చూడడానికి తేలికే. మాటలు ఒకదాన్నొకటి కొట్టుకునే వాక్యాలు కొన్ని తయారుచేసి, ‘ఇది కుదరదు’ అని ఒక తెలుగు మనిషి చేత అనిపించుకుని రావాలి.

హథ్‌ఖోజ్ షెడ్లలో లేత్ మిషను నడిపే తండ్రి సతీష్‌కుమార్‌నే ముందు అడిగింది. ఆయన అన్నిటికీ “చల్తా హై” అన్నాడు. ఆ పేపరు చెప్పే మేడమ్ ఆ కాగితాలు వెనక్కి తోసేసింది. “తల్లి ఒడిలో తెలుగు నేర్చిన మనిషిని పట్టుకురా. రేపటికల్లా తేకపోతే సున్నా” అంది.

అప్పుడు తండ్రే ఈ ఇల్లు చూపించాడు. ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల ఆ సెక్టారు మొత్తానికి తెలుగంటే జోగమ్మే. ఆమెకు చదివి వినిపించకుండా అక్కడ ఒక్క శుభలేఖ అచ్చుకు పోదు. కుర్రకారు హిందీలో పలకరిస్తే ఆవిడ పలకదు. అలాంటి మనిషి దొరికినందుకు ఇంద్రజ పొద్దున సుపేలాలో ఆటో ఎక్కుతూ తెగ మురిసిపోయింది. ఆ మురిపెం రెండో చీలా అయ్యేలోపే ఆవిరైపోయింది.

“చచ్చిపోయిన సూరిబాబు టీ తాగుతున్నాడు,” అని చదివింది ఈసారి.

“తాగడా మరి? పింఛను ఆఫీసోళ్ళు బతికున్నోణ్ణి చచ్చిపోయాడని రాసీసుకున్నారు. కాదని చెప్పడానికెళ్ళి, పొద్దల్లా కూకుని టీలు తాగి వచ్చీసాడు.”

“మా చెల్లెలు నాకంటే పెద్దది.”

“మా మరిది పెళ్ళాం అంతే కదేటి. వరసకి చెల్లెలు, వయసుకి అప్ప.” అంటూనే జోగమ్మ చెయ్యి పెనానికి తగిలింది. “ఏ దాయీ” అని అమ్మను తలుచుకున్నట్టు అనుకుని వేళ్ళు ఊదుకుంది.

ఇంద్రజకు నిజంగానే కళ్ళు చెమర్చాయి. “మామ్మా, వీటి మతలబ్ ఏంటంటే...”

“మతలబేటి? అర్థం అన్లేవేటి?” జోగమ్మ అట్లకాడ ఎత్తింది. “నేను ఈ ఇంట్లో అడుగెట్టినప్పుడు మా అత్త ఒక్క హిందీ ముక్క పలకనిచ్చీది కాదు. పలికితే ఆ పూట కూర ఉండీది కాదు. మీకు భయం లేక తెలుగు ఇలాగ తగలడింది.”

ఇంద్రజ కాగితం తిప్పి చూసింది. చేతిలోని వాక్యాలన్నీ అయిపోయాయి. వసారాలో జోగమ్మ భర్త నూకరాజు, ఫ్యాక్టరీ కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, కిమ్మనకుండా మూడో చీలా తింటున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి ఆయన్ని చూస్తూ నోటికొచ్చింది అనేసింది.

“భర్త భార్య వంటను మెచ్చుకున్నాడు.”

జోగమ్మ చెయ్యి ఆగిపోయింది.

“మళ్ళీ అను.”

ఇంద్రజ మళ్ళీ అంది.

“ఇది కుదర్దు. మాటలన్నీ తెలుగు మాటలే, కానీ అర్థం లేదు.”

“నేనేటన్నాను?” అన్నాడు వసారాలోంచి నూకరాజు.

“అదే. ఏటీ అన్లేదు.”

ఇంద్రజకు ప్రాణం లేచి వచ్చింది. “భర్త తాగిన గ్లాసు తనే కడిగాడు,” అంది గబగబా.

“అస్సలు కుదర్దు.”

“భార్య ఒక్కసారి పిలవగానే భర్త లేచి వచ్చాడు.”

“ఇవేటి మాటలే? చెవికి తగుల్తున్నాయి గానీ బుర్రలోకి దిగడం లేదు.”

నూకరాజు ప్లేటు పట్టుకుని మెల్లగా పెరట్లోకి జరిగాడు. ఇంద్రజ కలం ఆగలేదు. ఎంత ఖండితమైన తీర్పులు, ఎంత అచ్చమైన పలుకుబడి. మేడమ్ మొహం ఎలా వెలిగిపోతుందో అప్పుడే కనిపిస్తోంది. ఆ సంతోషం పట్టలేక ఇంకో చీలా అడిగి పెట్టించుకుంది.

కాగితం చివర చెప్పిన మనిషి వివరాలు రాయాలి.

“పూర్తి పేరు మామ్మా?”

“జోగమ్మనే రాయి. మా అత్త పెట్టిన పేరు.”

రాసుకుంది. ఇంకొక్క గడి మిగిలింది. ఇంత తెలుగు విన్నాక అది అడగడానికే ఇంద్రజకు సిగ్గేసింది.

“ఏమీ అనుకోకండి, ఊరికే రూలు కోసం అడుగుతున్నా. చిన్నప్పుడు మీ అమ్మగారు మీతో ఏ భాష మాట్లాడేవారు?”

“ఛత్తీస్‌గఢీ,” అంది జోగమ్మ.