పుండు మానింది

మహిపాల్ కాలి మీద పుండు మానడం లేదు.

నాచారంలో అతను పనిచేసే బిస్కెట్ల కంపెనీలో ట్రాలీ గీసుకుపోయి అయిన గాయమది. చిన్నదే. అయినా పుండుతో తినే సరుకు దగ్గరికి రావద్దని సూపర్‌వైజర్ ఇంటికి పంపేశాడు. అతని మెషీన్ దగ్గర అప్పుడే ఇంకొకరిని నిలబెట్టారని తోటివాళ్లు ఫోన్ చేసి చెప్పారు.

ఉప్పల్‌లో డాక్టర్ ఉదయశ్రీ కట్టు విప్పి చూసి, ఆలస్యమెందుకో చెప్పింది. దెబ్బ తగలగానే ముందు తెల్లకణాలు కాపలాకు చేరతాయట. క్రిములను మింగేసి, చచ్చిన కండను ఎత్తేసి, ఆ తర్వాత కొత్త కండ అల్లే కణాలను పిలుస్తాయట. ఆ పిలుపు అందితేగానీ అల్లే కణాలు పని మొదలుపెట్టవట.

"నువ్వు రోజూ వేసుకునే మాత్రలు ఆ కాపలావాళ్లను జోకొడుతున్నాయి. అందుకే పిలుపు సరిగా అందట్లేదు. మెల్లగానైనా మానుతుంది. మాత్రలు మాత్రం ఆపకు," అంది.

ఎందుకు ఆపకూడదో మహిపాల్‌కు కొత్తగా చెప్పే పనిలేదు. ఆపరేషన్ అయినప్పుడే చెప్పారు.

ఆ ఆదివారం జవహర్‌నగర్ నుంచి మల్లవ్వ వచ్చింది. నెలకోసారి వస్తుంది. పుండు సంగతి తెలిసి ఈసారి ముందే బస్సెక్కింది. జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చింది. కాలు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా పానమంతా నీ మీదనే ఉన్నది కొడుకా. గోలీలు యాళ్లకు మింగుతున్నవా?"

"మింగుతున్ననే అవ్వా."

అప్పటికి అది నిజమే.

ఆ వారమే మాత్రలు ఆపేశాడు. పుండు మానేదాకానే అనుకున్నాడు. నిజంగానే పుండు ఎండసాగింది. అంచుల నుంచి లేత గులాబీ రంగు కండ లోపలికి పాకింది. చూసుకుంటే సంతోషం వేసేది, వెంటనే సిగ్గేసేది. మల్లవ్వ ఫోన్ చేసి గోలీల మాట అడిగినప్పుడల్లా మింగుతున్నానే అనేవాడు. ఆ పూట అన్నం సయించేది కాదు. మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని, ఇంకొన్నాళ్లేలే అని మళ్లీ అలమరలో పెట్టేసేవాడు.

పుండు మూసుకుంది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టి డ్యూటీలో చేరాడు.

ఒకరోజు పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బింది. పాదాలు చెప్పుల్లో పట్టలేదు. ఉదయశ్రీ పరీక్షలు చేయించింది. రిపోర్టు చూసి, మాత్రలు ఆపావా అని అడిగింది. అతను తల దించుకున్నాడు.

"లేచిన కాపలావాళ్లు పుండు ఒక్కదాని దగ్గరే ఆగరు మహిపాల్," అంది.

వెంటనే పెద్ద దవాఖానాలో చేరమంది. కాపాడగలరో లేదో ఇప్పుడే చెప్పలేనంది.

అతను బట్టలు సర్దుకుంటుండగా మల్లవ్వ వచ్చింది. ప్యాంటు పైకి జరిపి చూసింది. మచ్చ తప్ప ఏమీ లేదు. ఆమె ముఖం విప్పారింది.

"సూసినవా, గోలీలు యాళ్లకు మింగితే ఎంత మంచిగ మానిందో."

చెప్పేయాలని మహిపాల్ నోరు తెరిచాడు. మాత్రల అట్టను సంచిలో బట్టల కిందికి తోశాడు.

మల్లవ్వ నవ్వుతూ అతని పొత్తికడుపు మీద అరచెయ్యి ఆనించి, రెండేళ్ల కిందట లారీ గుద్ది చనిపోయి అతని లోపల ఇంకా బతికే ఉన్న తన కొడుకు కిడ్నీని ఎప్పటిలాగే పలకరించింది: "ఎట్లున్నవు తిరుపతీ?"