మడత డ్రోన్

“పైనుంచి తీస్తే ఏడుపు వినపడదు కదన్నా. మీద ఏదో ఒక పాట పెట్టేసుకుందాం,” అన్నాడు ఝెనిష్, రొట్టెముక్క నోట్లో కుక్కుకుంటూ.

తాలాయ్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

భోజనాల గుడ్డ మీద, గిన్నెల మధ్య, రెండు నెలలుగా అతను కడుతున్న డ్రోన్ ఉంది. చిరిగిపోయిన గుడారం తాలూకు గొట్టాలతో నాలుగు చేతులు, ఒక్కో చేతికి ఒక్కో మడతబందు. మడిస్తే గుర్రం జీను సంచిలో పట్టాలి. విప్పితే కొండగాలికి వణక్కూడదు. ఇది మూడోసారి కట్టడం. మొదటి రెండూ గాల్లో ఉండగానే చెయ్యి ముడిచేసుకుని నేలకి కొట్టుకున్నాయి. పెళ్లిళ్లకీ గుర్రప్పందాలకీ వీడియోలు తీసి నాలుగు రాళ్లు సంపాదిద్దామని తాలాయ్ ఆశ. ఝెనిష్‌ది మొట్టమొదటి బేరం.

“ఇంతకీ పిల్లకి ఇష్టమేనా?” అన్నాడు తాలాయ్.

“కారెక్కాక తెలుస్తుందిలే,” ఝెనిష్ కిసుక్కున నవ్వాడు. “శనివారం నారిన్ పట్నం నుంచి వ్యానులో వస్తుంది. దిగగానే మా తమ్ముడూ ఇంకో ముగ్గురూ పట్టుకుంటారు. ఓ చుట్టాలింటికి చేర్చాక మా అమ్మ దాని నెత్తిన తెల్లగుడ్డ కప్పేసిందంటే పెళ్లయిపోయినట్టే. ఆ తర్వాత వాళ్ల నాన్న వచ్చి ఏం పీకుతాడు?”

“ఎవర్రా ఆ పిల్ల?”

“భలేవాడివే! అది చెప్పేస్తే ఇంకేముంది?”

తాలాయ్ స్క్రూడ్రైవర్ విసిరికొట్టాడు.

“లేవరా! నా ఇంట్లో రొట్టె తింటూ ఆడే మాటలా ఇవి? గొర్రెపిల్లనైనా బేరమాడి తెచ్చుకుంటారు కదరా, వెధవల్లారా! నేను కట్టినదాంతో ఈ రోత తియ్యమంటావా? ఛీ! ఫో బయటికి!”

“అబ్బో, పెద్దమనిషి! నువ్వు రాకపోతే ఫోన్లో తీసుకుంటాంలే,” అంటూ ఝెనిష్ గడప దగ్గర బూట్లు తొడుక్కున్నాడు.

తాలాయ్ ఠాణాకి ఫోన్ చేశాడు. అవతలివాడు నవ్వి, పెళ్లిభోజనానికి తననీ పిలవమని పెట్టేశాడు.

“చూశావా, ఎలాంటి పశువుల మధ్య బతుకుతున్నామో!” అన్నాడు భార్యతో. “నీ చెవులకి మా అమ్మ తన చేత్తో కమ్మలు పెట్టింది. పెళ్లంటే అలా ఉండాలి.”

నాజిరా టీ గిన్నె అతని ముందుకి జరిపింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

“ఇది ఎంత దూరం చూస్తుంది?” అని మాత్రం అడిగింది.

“మూడు నాలుగు కిలోమీటర్లు. గాల్లో పన్నెండు నిమిషాలు నిలుస్తుంది.”

“శనివారానికి ఎగురుతుందా?”

అప్పుడు వెలిగింది తాలాయ్‌కి. పిల్ల ఎవరో తెలీదు. ఏ మలుపులో దిగుతుందో, ఏ చుట్టం ఇంటికి చేరుస్తారో తెలీదు. కానీ పైనుంచి రోడ్డంతా కనిపిస్తుంది!

శనివారం మధ్యాహ్నం, నారిన్ వ్యాను వచ్చే వేళకి ఇద్దరూ డ్రోన్ సంచిలో పెట్టుకుని కొండెక్కారు. విప్పి చూస్తే వెనక ఎడమచెయ్యి కదులుతోంది. బందులో చీల వదులైంది. తాలాయ్ తల పట్టుకున్నాడు. నాజిరా అతన్ని పక్కకి నెట్టి, నైలాను దారంతో ఆ బందుని పళ్లు బిగపట్టి మరీ కట్టేసింది.

ఎగిరింది. వణకలేదు.

తెరమీద వ్యాను ఆగింది. ఎర్రకోటు పిల్ల ఒకతి దిగింది. వెనకే తెల్లకారు, అందులోంచి నలుగురు. ఆ పిల్ల ఎంత గింజుకుందో, కాలిబూటు ఒకటి ఊడి రోడ్డుమీదే ఉండిపోయింది. చప్పుడే లేదు. ఝెనిష్ చెప్పినట్టే ఏడుపు వినపడలేదు. తాలాయ్ తూ అని ఉమ్మేశాడు.

“ఆయ్‌పెరి! మన ఊరి కుబాత్ అన్న కూతురు!” అంది నాజిరా. అప్పటికే ఆయనకి ఫోన్ కలుపుతోంది.

కారు కొండ చాటుకి పోయింది. తాలాయ్ డ్రోన్‌ని పెద్ద రోడ్డు వెంట తరిమాడు. రోడ్డు ఖాళీ. బ్యాటరీ ఇంకా అయిదు నిమిషాలే ఉంది.

“పెద్ద రోడ్డున పోరు. వాగు పక్కన మట్టిదారి చూడండి,” అంది నాజిరా.

తిప్పాడు. దుమ్ము రేపుకుంటూ అక్కడే పోతోంది కారు! నీలం గేటు ఇంట్లోకి దూరేదాకా డ్రోన్ వదల్లేదు. ఇల్లెక్కడో నాజిరా ఫోన్లో చెబుతూనే ఉంది. డ్రోన్ ఆఖరి క్షణంలో తిరిగొచ్చి రాళ్లమీద కూలబడింది.

కుబాత్ వెళ్లేసరికి ఝెనిష్ తల్లి మూడోసారి తెల్లగుడ్డ కప్పబోతోంది. రెండుసార్లు ఆయ్‌పెరి విసిరికొట్టిందట. కూతుర్ని భుజమ్మీద వేసుకుని బయటికొచ్చాడు. సాయంత్రం ఆయన తాలాయ్ ఇంటికొచ్చి, అతని రెండు చేతులూ కళ్లకద్దుకుని వెళ్లాడు.

తాలాయ్ ఆ చేతులే సబ్బు పెట్టి మళ్లీ మళ్లీ కడిగాడు.

“ఎంత కడిగినా ఆ రోత వదలడం లేదు నాజిరా! ఓ ఆడపిల్లని అలా ఎత్తుకొచ్చి, పక్కన పడుకోబెట్టుకుని, ఆ వెధవలకి నిద్రెలా పడుతుందే? పొద్దున్నే ఆ పిల్ల మొహం చూస్తూ టీ ఎలా తాగుతారు?”

నాజిరా డ్రోన్ చేతులు ఒక్కొక్కటే మడుస్తూ, “ఇది అప్పుడే ఎగిరుంటే, మీరు నన్ను కార్లో కుక్కి తెచ్చిన రోజున మా నాన్న కూడా వేళకి వచ్చేవాడు,” అంది.