అందరికంటే వెనక

బూటులో రాయి దూరిందని పెద్దాయన మళ్ళీ సైకిల్ దిగాడు.

నాలుగు గజాల ముందున్న టైలరమ్మ కూడా దిగింది. నిజానికి ఆమెకు ఊపిరాడటం లేదు. ఎవరైనా ఆగితే బాగుండునని ఎప్పట్నుంచో అనుకుంటోంది.

"మెల్లిగా తీసుకోండి బాబాయిగారూ, తొందరేం లేదు," అంది, ఆయన కోసమే ఆగినట్టు.

"నావల్ల నీకు ఆలస్యమవుతోందమ్మా."

"భలేవారే. మిమ్మల్ని ఒక్కరినీ వదిలేసి పోతానా?"

పెద్దాయన బూటు విప్పి దులిపాడు. రాయి రాలిందో లేదో ఆమె చూడలేదు. ఆయన మాత్రం ఆమె ఊపిరి కుదుటపడేదాకా బూటు తొడుక్కోలేదు.

ఇరవై అయిదేళ్ళు కుట్టుమిషన్ ముందు కూర్చుని కూర్చుని, యాభయ్యో ఏట ఆమె గుండె మొరాయించింది. ఒళ్ళు కదలకపోతే మళ్ళీ ఆసుపత్రికే వస్తారని డాక్టరు నిర్మొహమాటంగా చెప్పాడు. కూతురు ఎక్కడో బేరమాడి లావు టైర్ల పాత సైకిలొకటి తెచ్చింది. తల్లి వద్దంటున్నా ఆదివారాలు సైకిల్ తొక్కే బృందంలో పేరు రాయించింది.

ముప్పై కిలోమీటర్ల కంకర దారి. మొదట పొలాలు, తర్వాత గాలి తప్ప ఇంకేమీ లేని బీడు మిట్ట, చివర అడవి.

మొదటి రోజు మిట్ట సగంలోనే ఆమె మానేద్దామనుకుంది. పదకొండు మందిలో తానే ఆఖరు. తల కొట్టేసినట్టయింది. ఇక వెనక్కి తిరిగి ఇంటికి పోదామని సైకిల్ మళ్ళించబోతే, కింద ఈ బక్కపల్చటి పెద్దాయన కనిపించాడు. ఆపసోపాలు పడుతూ ఎక్కుతున్నాడు.

హమ్మయ్య, నాకంటే వెనక ఇంకొకరున్నారు.

ఆ ఒక్క ఊరటతో ఆమె మిట్ట ఎక్కేసింది. మరుసటి ఆదివారం మళ్ళీ వచ్చింది.

బృందంలో అందరూ ఆయన్ను తాబేలు అనేవాళ్ళు. అడవి దాటాక టీకొట్టు దగ్గర అందరూ తాగి లేవబోతుంటే ఆయన చేరేవాడు.

"తాబేలు వచ్చేసింది. ఇక లేద్దామా?" అనేవాడు, ముందుండి నడిపించే డ్రిల్లు మాస్టారు.

"వయసు మీద పడితే మీ బతుకూ అంతే మాస్టారూ," అని టైలరమ్మ చురక అంటించేది.

పెద్దాయన నవ్వి ఊరుకునేవాడు.

రెండో ఏడాదికి ఆమె కాళ్ళకు బలం వచ్చింది. మందులు సగానికి తగ్గాయి. తలుచుకుంటే మాస్టారి పక్కనే తొక్కగలదు. కానీ పాపం, పెద్దాయన ఒంటరివాడైపోతాడని ఆయన దగ్గర్లోనే ఉండిపోయింది.

ఒక ఆదివారం ఆయన రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. ఆయన ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు.

మూడో వారం సైకిల్ షాపతను చెప్పాడు. నిద్రలోనే పోయారట. అప్పటికే పద్దెనిమిది రోజులైంది.

ఈలోగా దారి కూడా పాడైంది. అడవిలో ఎక్కడ చూసినా విరిగిపడ్డ కొమ్మలే. మిట్ట మీద వాన నీళ్ళకు మోకాలి లోతు గుంతలు. ఆ ఆదివారం పొలాల దగ్గరైతే ఒక రైతు కంచె తలుపుకు తాళం వేసి నిలబడ్డాడు.

"ఇటు రావద్దు. మీరు తలుపు తీసి పోతారు, నా ఆవులు ఊరి మీద పడతాయి. పోయిన ఆదివారమంతా వాటిని వెతకడమే సరిపోయింది."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇలా కాలేదే," అన్నాడు మాస్టారు.

"ఎందుకవుతుంది? మీ చివరాయన ఉండేవాడుగా. తలుపు వేసి, గొళ్ళెం లాగి చూసుకుని గానీ కదిలేవాడు కాదు. ఆయన మొహం చూసే మిమ్మల్ని రానిచ్చాను."

మాస్టారు తల దించుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే టైలరమ్మ అడ్రసు కనుక్కుని పెద్దాయన ఇంటికి వెళ్ళింది. ఇరుకైన ముందుగది, రెండు కుర్చీలు, తలుపు వెనక కొక్కేనికి ఆయన రెయిన్‌కోటు. ఆయన భార్య ఆమెను ఎగాదిగా చూసింది.

"టైలరమ్మవి నువ్వేనా? మొన్నామధ్య మిట్టంతా దిగకుండా ఎక్కావట కదా. ఇంటికొచ్చి నాకు చెప్పి ఎంత మురిసిపోయారో."

టైలరమ్మకు కళ్ళు నిండాయి.

"ఆయన వెనక ఉన్నారన్న ధైర్యంతోనే తొక్కాను పిన్నిగారూ. ఇవాళ నేనిలా తిరుగుతున్నానంటే ఆయన చలవే. ఆ మాట ఒక్కసారైనా ఆయనతో అనలేదు. పైగా ఆయన నెమ్మదనీ, నేనే జాలిపడి ఆగుతున్నాననీ అనుకునేదాన్ని."

పెద్దావిడ ఆమె చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి పక్కన కూర్చుంది.

"నెమ్మదన్నది నిజమేలే అమ్మా. అలసిపోయి ఉండేవారు."

"వయసు కదండీ మరి."

"వయసుదేముంది? నాలుగింటికే లేచి, సైకిలుకు దీపం పెట్టుకుని, రంపం, పార కట్టుకుని పోయేవారు. అడ్డం పడ్డ కొమ్మలు కోసి, గుంతలు పూడ్చి ఇంటికొచ్చేవారు. గ్లాసుడు పాలు తాగి అప్పుడు మీ దగ్గరికి వచ్చేవారు."

ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, మామూలు మాటలాగే చెప్పింది.

"ప్రతి ఆదివారమూ మీతో తొక్కేసరికి, ఆ ముప్పై కిలోమీటర్లూ ఆయనకు రెండోసారమ్మా."